సోమవారం నుంచి చదువుతాను

ప్రియమైన అత్తయ్యకి,

క్షేమంగా చేరాను. శిక్షణ హాస్టలు రైలు డిపో గోడని ఆనుకునే ఉంది. నా గది మూడో అంతస్తులో. రెండు ఇనప మంచాలు, రెండు బల్లలు, ఒక్కటే కిటికీ. అందులోంచి చూస్తే పట్టాలు, వాటి మీద ఖాళీ పెట్టెలు. పక్క మంచం అమ్మాయి కూడా నాలాగే అసిస్టెంటు డ్రైవరు, డ్రైవరు పరీక్షకే వచ్చింది. తల గుమ్మానికి తగిలేంత పొడుగు. అందరూ ‘పొడుగమ్మాయి’ అనే పిలుస్తున్నారు, తనూ హాయిగా పలుకుతోంది.

రూల్సు పుస్తకం ఇచ్చారు. పోయినసారి కంటే లావెక్కింది. దాన్ని బల్ల మీద పెట్టి, ముందు బల్ల తుడిచాను. తర్వాత పెన్సిళ్ళు చెక్కాను. తర్వాత టైంటేబులు వేశాను, అత్తయ్యా, నాలుగు రంగుల్లో! గోడకి అంటించి దూరంగా నిలబడి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ఇవాళ గురువారం. వారం మధ్యలో మొదలుపెడితే లెక్క తప్పుతుంది కదా, సోమవారం నుంచి చదువుతాను. పరీక్షకింకా ఏడు వారాలు టైముంది.

మీకు తెలియనిదేముంది, ఇది మూడోసారి. నాలుగోసారి రాయనివ్వరు. ఇదీ తప్పితే రిటైరయ్యేదాకా ఇంజన్లో పక్క సీటే నాది. ఏ వేళకి ఏ గూడ్సు ఎక్కమంటే అది ఎక్కాలి. మన పిల్లపిడుగు నిద్ర లేచేసరికి నేను ఇంట్లో ఉండని రోజులే ఎక్కువ. డ్రైవరునైతే డ్యూటీకి ఒక వేళంటూ ఉంటుంది, దాన్ని నేనే బడికి పంపొచ్చు. ఇదంతా తెలిసీ పుస్తకం అట్ట తిప్పబుద్ధి కావడం లేదు.

నా ఫోను మీ దగ్గరే ఉంచండి. నేను బతిమాలినా పంపకండి. పోయిన రెండుసార్లూ సగం చదువు దానికే ధారపోశాను. వార్డెను గదిలో ఒక ఫోనుంది, అది ఎవరికైనా ఒంట్లో బాగోలేనప్పుడు మాత్రమేనట. అందుకని ఇక ఉత్తరాలే. పిడుగు నన్ను అడుగుతోందా?

మీ కోడలు

---

ప్రియమైన అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. నాలుగు రంగుల టైంటేబులు దగ్గరకొచ్చేసరికి నవ్వాపుకోలేక, ఇస్త్రీ చేస్తున్న టీచరమ్మ చీర అంచు కాల్చబోయాను. సోమవారానికి ఏమైనా కొమ్ములున్నాయటే? గురువారం అక్షరాలు కనపడవా? నువ్వు ఆరంభశూరురాలివని నాకు తెలుసు గానీ, ఈసారి ఆరంభం కూడా చేయకుండానే శూరురాలివైపోయావు.

నీ ఫోను ఆపేసి పాత పెట్టెలో బట్టల అడుగున పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఎక్కడ పెట్టానో నీకు చెప్పను. పిడుక్కి అసలే చెప్పను.

నా పద్ధతి ఒకటి చెబుతా విను. సెలవుల తర్వాత అంగడి తెరిస్తే ఇస్త్రీ బట్టల గుట్ట నా భుజం ఎత్తుంటుంది. దాన్ని చూస్తే చెయ్యాడదు. అందుకని గుట్ట మీద దుప్పటి కప్పేస్తాను. కింద నుంచి చెయ్యి పెట్టి ఒక్క చొక్కా లాగుతాను. నాకు ఆ చొక్కా ఒక్కటే పని. కాలరు, చేతులు, వీపు, మడత. అయిపోయాక ఇంకోటి. గుట్ట ఎంత తగ్గిందో తొంగి చూడను. నువ్వూ అలా చెయ్యి.

పిడుగు బాగానే ఉంది. ముందు పన్ను ఒకటి ఊగుతోంది, నాలికతో దాన్ని ఊపడమే దానికి రోజంతా ఉద్యోగం. అంగడికొచ్చిన వాళ్ళందరికీ “మా అమ్మ రైలు నడుపుతుంది” అని చెబుతోంది. “ఇంకా లేదే” అంటే, “మరి ఎప్పుడు?” అని నన్ను నిలదీస్తోంది. నేనేం చెప్పను?

పైకి కసురుతున్నాను గానీ నాకూ భయంగానే ఉంది. పోయినసారి ఫలితం వచ్చాక రెండు రోజులు నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. ఆ వీపు నాకింకా కళ్ళముందే ఉంది. మళ్ళీ అది చూడలేను తల్లీ.

ఇట్లు,
కసిరే అత్త

---

ప్రియమైన అత్తయ్యకి,

మీ పద్ధతి అక్షరాలా పాటించాను. పుస్తకాలన్నీ గుట్టగా పెట్టి దుప్పటి కప్పాను. మీరు చెప్పిందాంట్లో కింద నుంచి ఒకటి లాగడం అనేది కూడా ఉంది కదా, అది మర్చిపోయాను. కప్పేసరికే మనసుకి ఎంత హాయిగా ఉందో! వారంపైన అలాగే ఉంచేశాను. ఒకరోజు క్లాసు నుంచి వచ్చేసరికి గదిలో కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. పొడుగమ్మాయి మునివేళ్ళ మీద నడుస్తోంది. ఎందుకంటే, “ష్, మీ చుట్టాలెవరో పడుకున్నారు” అంది. నా రూల్సు పుస్తకానికి నిద్రాభంగం కాకూడదని ఆ పిల్ల దగ్గు కూడా ఆపుకుంటోంది!

ఇద్దరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. నవ్వు అయిపోయాక నాకు ఏడుపొచ్చింది. అప్పటికి రెండు వారాలు గడిచిపోయాయి, అత్తయ్యా. ఒక్క పేజీ కూడా చదవలేదు. మొన్నటి కార్డులో ‘బాగా చదువుతున్నాను’ అని రాసింది పచ్చి అబద్ధం.

పొడుగమ్మాయి ఓదార్చలేదు. ఒకే ఒక ప్రశ్న అడిగింది. “అక్కా, నీ ఉద్యోగంలో ఎప్పుడైనా రైలు నీవల్ల ఆలస్యమైందా?” ఎప్పుడూ కాలేదు. జ్వరంలో కూడా వేళకి ఇంజనెక్కాను. “మరి ఆ రోజుల్లో నీకు పని చేయాలనిపించే ఎక్కావా?” అంది. రైలు నా మనసు బాగుందా లేదా అని చూసి కదలదు. నేనూ చూసుకోను, ఎక్కేస్తానంతే. చదువు దగ్గరే, మనసు కుదిరాక చదువుదామని కూర్చుంటున్నాను. అది కుదిరేదెప్పుడు?

అందుకని టైంటేబులు చింపేశాను. ఇప్పుడు పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కినట్టు బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఇంజన్లో సిగ్నలు కనపడగానే నేను “పచ్చ” అని పైకి అరవాలి, డ్రైవరు విని “పచ్చ” అని తిరిగి చెప్పాలి. రెండు గొంతులూ కలిస్తేనే బండి ముందుకి పోయేది. మేమిద్దరం చదువుకీ అదే పెట్టుకున్నాం. నేను ఒక రూలు పైకి చదువుతాను, తను పుస్తకం చూడకుండా తిరిగి చెబుతుంది. తర్వాత తను, నేను. మొదటి రోజు ఒక్క పేజీయే. పేజీ అయ్యాక ఇంకా చదవాలనిపించినా లేచిపోయాం. రేపు కూర్చోవడానికి భయం వేయకూడదని ఆ ఏర్పాటు. ఇప్పుడు రోజుకి మూడు పేజీల మీద నడుస్తోంది. ఎక్కువేం కాదు, కానీ ఆగలేదు.

ఆరయ్యేసరికి గుండె దడదడమంటూనే ఉంటుంది. దడతోనే కూర్చుంటున్నాను. పిడుగు పన్ను ఊడిందా?

మీ కోడలు

---

అమ్మాయికి,

ఉత్తరం చేరింది. నీ పద్ధతి బాగుంది. మానకు.

నిన్న టికెట్ ఇన్‌స్పెక్టరు తన యూనిఫాం తీసుకోవడానికి వచ్చాడు. “మీ కోడలు పాసైతే ఈ డిపోలో ఉంచరమ్మా, కొత్త డ్రైవర్లందర్నీ దూరం లైనుకి వేస్తున్నారు, ఐదారేళ్ళదాకా ఇటు తిరిగి చూడనివ్వరు” అని చెప్పాడు. నీకు తెలిసే ఉంటుంది.

పనెక్కువగా ఉంది. ఇంతకంటే రాయడానికి తీరడం లేదు. చదువుకో.

అత్త

---

ప్రియమైన అత్తయ్యకి,

మీ ఉత్తరం అందింది. నాలుగు ముక్కలు! తిట్టు లేదు, ఎత్తిపొడుపు లేదు. పిడుగు పేరే ఎత్తలేదు. దానికి ఒంట్లో బాగోలేదా? మీకు బాగోలేదా? వార్డెను కాళ్ళావేళ్ళా పడి ఇంటికి ఫోను చేశాను. ఆపేసి పెట్టెలో పెట్టిన ఫోను మోగదని తెలుసు. తెలిసీ మూడుసార్లు చేశాను. వార్డెను నన్ను జాలిగా చూసింది.

ఆ మర్నాడే మాకు నమూనా పరీక్ష పెట్టారు. ఆరింటి డ్యూటీ ఒక్కరోజు కూడా మానలేదు కాబట్టి చాలామటుకు వచ్చినవే. రాయడం మొదలుపెట్టాను. సగం దాకా వచ్చాక చెయ్యి ఆగిపోయింది. మిగతా సగం తెల్లకాగితమే ఇచ్చేశాను.

మాస్టారు నన్ను ఆఖర్న ఉండమన్నారు. ఆయన పాతకాలం డ్రైవరు, మోకాళ్ళు పాడై ఇప్పుడు పాఠాలు చెబుతున్నారు. నేను వదిలేసిన ప్రశ్నలన్నీ వరసగా నోటితో అడిగారు. అన్నిటికీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “బద్ధకస్తుల్ని చాలామందిని చూశానమ్మా, నువ్వు ఆ బాపతు కాదు. తెలిసి కూడా రాయలేదంటే నీకు పాసవడమే ఇష్టం లేదు. ఎందుకో నన్నడక్కు, నిన్ను నువ్వే అడుగు” అన్నారు.

రెండు రోజులుగా నన్ను నేను అదే అడుగుతున్నాను. సమాధానం దొరికింది. రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను.

దూరం లైను సంగతి నాకు ముందునుంచీ తెలుసు, అత్తయ్యా. మీకు చెప్పలేదు. పాసైతే నేనూ పిడుగూ వెళ్ళిపోవాలి. మీ అబ్బాయి పోయిన కొత్తల్లో మా అన్నయ్య మిమ్మల్నీ నన్నూ తన ఊరు రమ్మంటే, “నా అంగడి వదిలి నేనెక్కడికీ రాను” అని తెగేసి చెప్పారు. ఆ మాట నా చెవిలో జోరీగలా ఉండిపోయింది. నేను పాసైతే మీ నుంచి పిడుగుని విడదీసినదాన్నవుతాను. తప్పితే మనం ముగ్గురం ఇలాగే ఉంటాం. ఆ లావుపాటి పుస్తకం తెరిచినప్పుడల్లా నాకు ఎదురవుతున్నది ఇదే. పెన్సిళ్ళు చెక్కడం, రంగులేయడం, సోమవారం కోసం చూడడం, అన్నీ దీన్నుంచి తప్పించుకోడానికే. మీరు ముభావంగా రాసేసరికి, మీకూ తెలిసిపోయిందని, మీ మనసు విరిగిందని అర్థమైంది.

పరీక్ష వచ్చే శుక్రవారం, ఫలితం ఆ సోమవారమే చెబుతారట. ముందు నుయ్యి, వెనక గొయ్యిలా ఉంది నా పని. మీరు వద్దని ఒక్క మాట రాయండి, పెట్టె సర్దుకుని వచ్చేస్తాను. నాకేం బాధ ఉండదు.

మీ కోడలు

---

నా పిచ్చి కోడలికి,

‘నాకేం బాధ ఉండదు’ అట! రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్న మనిషేనా ఈ మాట రాసింది? నువ్వు ఎదురుగా ఉంటే నెత్తి మీద ఒక మొట్టికాయ వేసేదాన్ని. పోస్టులో మొట్టికాయలు తీసుకోరు కాబట్టి బతికిపోయావు.

ముందు, అందరం బాగున్నాం. పిడుగు పన్ను ఊడింది. దాని సంగతి ఎందుకు రాయలేదో చెబుతాను. ఇన్‌స్పెక్టరు ఆ మాట చెబుతున్నప్పుడు అది బల్ల కింద కూర్చుని వింది. ఆయన వెళ్ళగానే వచ్చి నా కొంగు పట్టుకుని, “నానమ్మా, మేం వెళ్ళిపోతే నువ్వెవరితో పోట్లాడతావు?” అంది. ఆ పూట కలం పట్టుకుంటే దాని పేరు రాయడానికి చెయ్యి రాలేదు. రాస్తే ఆ ప్రశ్న కూడా రాయాలి. రాస్తే నువ్వు చదువు మానేసి వస్తావు. అందుకని మింగలేక కక్కలేక ఆ నాలుగు ముక్కలు గిలికి పంపాను. అది కాస్తా నిన్ను ఇంకా భయపెట్టింది. మంచికిపోతే చెడు ఎదురైనట్టయింది.

ఇక నా మాట. అంగడి వదిలి రానన్నాను, నిజమే. అప్పుడు కొడుకు పోయి నెల కూడా కాలేదు. ఎవరేమన్నా కాదనడమే నాకు పని. ఆ రోజు నేను అన్న మాటల్ని ఇన్నాళ్ళు దాచిపెట్టుకుని కూర్చున్నావా? ఒక్కసారి, ‘అత్తయ్యా, ఇప్పుడేమంటారు?’ అని అడగడానికి నీకు నోరు లేదా? అయినా నిన్ను అని ఏం లాభం? నాకు మాత్రం ఉందా? నువ్వు పిలుస్తావని చూస్తూ, పిలవనందుకు లోపల అలిగి, పైకి చదువుకో చదువుకో అని అరుస్తూ ఇన్నాళ్ళు నేనూ వెళ్ళబుచ్చాను. నీకు సోమవారం ఉన్నట్టు నాకూ ఏదో ఒక సోమవారం ఉంది.

అత్తలేని కోడలుత్తమురాలు, కోడల్లేని అత్త గుణవంతురాలు అంటారు. ఆ సామెత కట్టినవాళ్ళు మనిద్దర్నీ చూడలేదు.

ఇంకో సంగతి, నవ్వకు. నాలుగు ముక్కల ఉత్తరం వేసిన మర్నాటి నుంచీ బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళినప్పుడు రోజుకొక ఇంట్లో, “వచ్చే నెల నుంచి ఇస్త్రీకి ఇంకెవర్నైనా చూసుకోండమ్మా” అని చెప్పి వస్తున్నాను. అందరికీ ఒకేసారి చెప్పడానికి గుండె చాలలేదు. రోజుకొక్క ఇల్లంటే చెప్పగలుగుతున్నాను. టీచరమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చి, తర్వాతి ఇల్లు మర్నాటికి ఉంచుకున్నాను. నువ్వు పిలవనేలేదు. పిలవకపోతే మళ్ళీ గడపగడపా ఎక్కి ‘వెళ్ళడం లేదు, బట్టలివ్వండి’ అని చెప్పుకోవాలి, పరువు గంగలో కలుస్తుంది. అయినా మొదలుపెట్టేశాను.

కానీ పిలవని పేరంటానికి మాత్రం నేను రాను. పిలవాలి. ఎప్పుడు పిలవాలో కూడా చెబుతాను. పాసయ్యాక పిలిచావనుకో, పిల్లని చూసుకోడానికి మనిషి కావాల్సి వచ్చి పిలిచిందనుకుంటాను. తప్పాక పిలిస్తే, పిలవడానికి చోటేది? అందుకని పరీక్ష రాయడానికి ముందే అడుగు. శుక్రవారం హాల్లోకి వెళ్ళకముందే. ఇది మాత్రం సోమవారానికి పెట్టావో, నా అంత చెడ్డది ఉండదు.

నీ జవాబు కోసం చూసే
అత్త

---

ప్రియమైన అత్తయ్యకి,

శుక్రవారం, పొద్దున. ఆరింటికి బల్ల దగ్గర కూర్చున్నాను. ఇవాళ రూలు చదవలేదు, ఇదే రాస్తున్నాను. పొడుగమ్మాయి చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గేటు దగ్గర డబ్బాలో ఈ ఉత్తరం వేసి అటునుంచటే పరీక్షకి వెళ్తాం.

మీ ఉత్తరం నిన్న అందింది. మెట్ల మీద కూర్చుని చదివాను. ఎవరో వచ్చి “ఏమైంది, చెడ్డ కబురా?” అని అడిగారు. తల అడ్డంగా ఊపాను గానీ ఏడుపు ఆగలేదు.

అడగడం ఇంత కష్టమని తెలియదు. ముందు మంచి మాటలు వెతికి, చిత్తు రాసి, సాపు చేద్దామనుకున్నాను. మళ్ళీ పెన్సిళ్ళు చెక్కడమే అది. అడిగేస్తున్నాను.

అత్తయ్యా, మాతో వచ్చేయండి. పిడుగుని చూసుకోడానికి కాదు, దాన్ని నేను ఎలాగో ఒకలా పెంచుకుంటాను. నాకోసం రండి. డ్యూటీ దిగి ఇంటికొస్తే తలుపు తీసి తిట్టడానికి మీరుండాలి. మా అమ్మ పోయాక నన్ను అలా తిట్టినవాళ్ళు మీరొక్కరే. మీరు లేని ఇంటికి వెళ్ళడం నాకిష్టం లేదు. ఆ ఇల్లు ఎక్కడున్నా సరే.

పొడుగమ్మాయి పిలుస్తోంది. నాకు చాలా భయంగా ఉంది. వెళ్తున్నాను.

మీ
కోడలు

---

ప్రియమైన నా తల్లికి,

నీ కవర్లు రెండూ ఇవాళ ఒక్కసారే వచ్చాయి. పోస్టతను ఒకదాని మీద ఒకటి పెట్టి ఇచ్చి వెళ్ళాడు. ఒకదాని మీద శుక్రవారం ముద్ర, రెండోదాని మీద సోమవారం ముద్ర. రెండోది పలచగా ఉంది. అందులో ఏముందో ఊహించగలను, ఫలితం తప్ప ఇంకేముంటుంది? దాన్ని తెరవకుండా బల్ల మీద పెట్టి, మొదటిది విప్పాను.

చదివాను. మళ్ళీ చదివాను. పిడుక్కి వినిపించాను. ‘నాకోసం రండి’ అన్న దగ్గర నేను ఆగిపోతే అది నా నోటి వంక చూస్తూ, “తర్వాత?” అంది.

వస్తున్నాను. అంతే. వేరే మాట లేదు.

ఇంకా ఆ రెండో కవరు తెరవలేదు. తెరవకముందే ఈ మాట రాసిపెట్టాలని గబగబా రాస్తున్నాను. పాసైందని తెలిసి ఆశపడి వచ్చాననీ, తప్పిందని తెలిసి జాలిపడి రాశాననీ ముందుముందు నీకు ఏ మూలా అనుమానం రాకూడదు. నువ్వు తప్పి ఉంటే ఈ అంగడి పక్కనే ఉందాం. గడపగడపా ఎక్కి బట్టలివ్వమని అడుగుతాను, పరువు పోతే పోయింది. పాసై ఉంటే పెట్టెలు కడదాం. ఎటైనా నేను నీతోనే. పిడుగు కవరుని దీపానికేసి పెట్టి చూస్తోంది. నా గుండె నా చేతిలో లేదు. ఇక తెరుస్తాను.

డ్రైవరమ్మా!

పాసయ్యావే, డ్రైవరమ్మా! పిడుగు వీధిలోకి పరిగెత్తింది, ఎవర్ని పట్టుకుని ఏం చెబుతోందో తెలియదు, అరుపులు మాత్రం ఇక్కడికి వినిపిస్తున్నాయి. నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. నువ్వు త్వరగా వచ్చెయ్యి, పెట్టెలు కట్టడం నాకొక్కదానికి చేతకాదు.

నీతో వచ్చే
అత్త